బ్యాంకాక్ వెళ్ళడానికి పన్నెండో కారణం

ఆ రోజుల్లో మా మిర్యాలగూడ నుంచి బ్యాంకాక్ వెళ్ళాలనుకున్న మనిషికి పాస్‌పోర్టు కంటే ముందు ఒక మంచి కారణం చేతిలో ఉండాల్సి వచ్చేది. ఇప్పుడా అవస్థ లేదు. మొన్న మా అక్క మనవరాలు సూర్యాపేటలో బస్సెక్కుతూ ఫోన్ చేసి, శుక్రవారం బ్యాంకాక్ పోయి మంగళవారానికి వచ్చేస్తానని చెప్పింది. ఎందుకే అని అడిగితే "ఊకెనే అమ్మమ్మా" అంది. ఆ మాటను నేను తారీఖు వేసి డైరీలో రాసుకున్నాను. (డైరీ అలవాటు నలభై ఏళ్ళది. ఇంట్లో వాళ్ళకు పుట్టినరోజుల మీద తగాదా వస్తే నా దగ్గరికే వస్తారు.) ఏ పనీ లేకుండా ఊకెనే పోవడమనేది మా కాలంలో ఎవరూ వినలేదు. దేవుడి పేరు చెప్పాలి, లేదా వ్యాపారం పేరు చెప్పాలి. రెండూ చెప్పగలిగితే ఇంకా మంచిది. ఆ రెండూ కలిపి కాగితం మీద టైపు చేసి ఇచ్చిన మనిషిని నేనే కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త అధికారం ఉందనుకుంటున్నాను.

నాకిప్పుడు అరవై ఒకటి. అప్పుడు ఇరవై ఎనిమిది. మాది కోదాడ. టైపు లోయరు, హయ్యరు రెండూ పాసై, మిర్యాలగూడలో మా మేనత్త ఇంట్లో ఉంటూ మామయ్య దుకాణంలో పనిచేసేదాన్ని. ఎరువులు, విత్తనాలు, పురుగుల మందులు అమ్మే దుకాణం. పనిలో చేరింది జూన్ రెండు, ఉదయం తొమ్మిదీ పదికి. (తొమ్మిదికే చేరాల్సింది. దారిలో ధాన్యం లారీలు అడ్డం వచ్చాయి.) ఉత్తరాలు టైపు చేయడం, సరుకు పుస్తకం రాయడం, విత్తనాలు కాంటా మీద తూచడం నా పని. తూకంలోనూ తారీఖులోనూ ఈ పిల్ల తప్పు రాయదని మామయ్య ఊరంతా చెప్పుకునేవాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా ఆ సంగతి తెలిసే వెనక్కి పోతున్నారని అత్తమ్మ అనేది. ఒక పెళ్ళికొడుకు తన వయసు ముప్పై అని చెబితే, అతను పదో తరగతి పాసైన సంవత్సరం అడిగి, నాలుగేళ్ళు ఎక్కువ తేల్చి చెప్పిన మాట నిజమే. అది తప్పని నాకిప్పటికీ అనిపించదు.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. మా వైపు దుకాణాల్లో చాలా వాటికి లైసెన్సులు ఆడవాళ్ళ పేరు మీద ఉండేవి. మా దుకాణంలో ఎరువుల లైసెన్సు మామయ్య పేరున, పురుగుల మందుల లైసెన్సు అత్తమ్మ పేరున ఉండేవి. రెండింటికీ అద్దాలు కట్టించి గోడకు తగిలించారు. అత్తమ్మ మాత్రం ఏడాదికి ఒక్కసారి, దీపావళి పూజకు, దుకాణం మెట్లెక్కేది. తక్కిన రోజుల్లో కాగితాలే ఆమె దగ్గరికి వెళ్ళేవి. మామయ్య వాటిని వంటింట్లోకి తెచ్చి పట్టుకునేవాడు. అత్తమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆయన వేలు పెట్టిన చోట తెలుగులో తన పేరు గుండ్రంగా రాసి, మళ్ళీ పోపు గింజల దగ్గరికి తిరిగేది. అయిదో తరగతి దాకా చదివింది. కాగితాలేమో ఇంగ్లీషులో ఉండేవి. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఇదేమిటని అడగలేదు.

ఆ ఏడాది ఒక పురుగుల మందుల కంపెనీ వాళ్ళు డీలర్లకు పోటీ పెట్టారు. చెప్పినంత సరుకు అమ్మినవాళ్ళకు అయిదు రోజుల బ్యాంకాక్ యాత్ర, దుకాణానికి ఒక్క మనిషి. మామయ్య అమ్మాడు. ఎలా అమ్మాడని అడగకండి. వేములపల్లి రైతులు రెండేళ్ళకు సరిపడా మందు ఇళ్ళల్లో పెట్టుకుని పురుగు కోసం ఎదురుచూశారు. జనవరిలో కంపెనీ వాళ్ళు ఫారం పంపితే దాన్ని నింపమని నాకు ఇచ్చి, తను పాస్‌పోర్టు ఫొటో దిగడానికి స్టూడియోకి వెళ్ళాడు. అరువు కోటు వేసుకుని దిగాడు.

ఫొటో వచ్చింది కానీ అత్తమ్మకు చెప్పే ధైర్యం రాలేదు. బ్యాంకాక్ అనగానే మగవాళ్ళు అదోలా నవ్వడం, ఆడవాళ్ళు ఆ నవ్వును గుర్తుపెట్టుకోవడం మా వైపు అప్పటికే మొదలైంది. అందుకని మామయ్య నన్ను పిలిచి, బ్యాంకాక్ ఎందుకు చూడాలో మంచి కారణాలు రాసిపెట్టమన్నాడు. చేత్తో కాకుండా టైపు కొట్టమన్నాడు. టైపు కొట్టిన మాటను ఎవరూ కాదనరని ఆయన నమ్మకం. నేను రెండు ఆదివారాలు కోదాడ వెళ్ళి గ్రంథాలయంలో కూర్చున్నాను. కంపెనీ వాళ్ళిచ్చిన రంగుల బొమ్మల పుస్తకం ఎలాగూ ఉంది. మొత్తం పదకొండు కారణాలు తేలాయి. అచ్చంగా బంగారంతో చేసిన బుద్ధుడు, బరువు అయిదు వేల కిలోల పైమాటే. పడుకుని ఉన్న మరో బుద్ధుడు, పొడుగు నూటయాభై అడుగులు. నాలుగు ముఖాల బ్రహ్మదేవుడికి నడిరోడ్డు మీద పూజలు. పడవల మీద కూరగాయల అంగడి. బియ్యం దేశదేశాలకు పంపే ఊరు కనుక మిల్లుల సంగతి తెలుసుకోవచ్చు. ఇలా వరుస నంబర్లతో పదకొండు రాశాను. మామయ్య ఎర్ర పెన్నుతో ఏడోదాన్ని కొట్టేశాడు. ఏడోది రాత్రి బజార్ల గురించి. అందులో తప్పేముందో నాకు నిజంగా తెలియదు. (ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో తెలియకపోవడం కూడా ఒక తప్పేనని తర్వాత తెలిసింది.)

ఫిబ్రవరి ఏడున భోజనాలయ్యాక మామయ్య నన్ను చదవమన్నాడు. అత్తమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ విన్నది. నేను ఆరు చదివి, ఎనిమిది అన్నాను. చేట ఆగింది. ఏడోది ఏదని అడిగింది. నేను మామయ్యను చూశాను, మామయ్య పైకప్పును చూశాడు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు కాబట్టి, రాత్రి బజార్లలో చేతిపని వస్తువులు దొరుకుతాయని రాసినట్టు చెప్పాను. అదెందుకు కొట్టేశారని అత్తమ్మ చాలా మామూలుగా అడిగింది.

"చీకట్ల బేరం మంచిగుండదని," అన్నాడు మామయ్య.

అత్తమ్మ రాళ్ళేరడం పూర్తిచేసి, మంచి కారణాలేనని ఒప్పుకున్నది. మామయ్య ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. మళ్ళీ హాయిగా నిద్రపోవడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది. పన్నెండో తారీఖున కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. శ్రీమతి ఫలానా వారికి శుభాకాంక్షలు, మీరు బ్యాంకాక్ యాత్రకు ఎంపికయ్యారు, మీ పాస్‌పోర్టు వివరాలు పంపగలరు అని ఉంది. అందులో ఉన్న పేరు అత్తమ్మది.

ఫారంలో డీలరు పేరు రాయమన్నారు. నేను గోడ మీద ఉన్న లైసెన్సు చూసి అక్షరం పొల్లుపోకుండా రాశాను. పురుగుల మందుల డీలరు ఆమే కదా. మామయ్య ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, నా వంక చూసి, ఇన్నాళ్ళూ ఊరంతా తను పొగిడిన గుణం ఇదేనన్న సంగతి గుర్తొచ్చినట్టు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కంపెనీ తరఫున మోటారు సైకిలు మీద వచ్చే టై కుర్రవాడిని అడిగితే, దానిదేముందన్నాడు. యజమానురాలు తన బదులు భర్తను పంపుతున్నట్టు ఒక ఉత్తరం మీద సంతకం పెడితే చాలన్నాడు. మామయ్యకు ప్రాణం లేచి వచ్చింది. సంతకం అంటే వంటింట్లో అరనిమిషం పని. నాలుగు లైన్ల ఉత్తరం టైపు కొట్టించి, నన్ను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాడు.

అత్తమ్మ బెండకాయలు తరుగుతోంది. అలవాటు ప్రకారం చెయ్యి తుడుచుకుంది, పెన్ను తీసుకుంది, మామయ్య వేలు పెట్టాడు. అప్పుడు ఆమె పెన్ను నా చేతికిచ్చింది.

"ఇందుల ఏమున్నదో జర సదివి చెప్పు బిడ్డా."

"సదువుడేంది? ఎన్నడన్న సదివినవా? పెట్టు," అన్నాడు మామయ్య.

"ఎన్నడు సదవలే. అందుకే."

నేను చదివి తెలుగులో చెప్పాను. అత్తమ్మ అంతా విని, ఒక బెండకాయ తీసుకుని ముచ్చిక కోసింది. తర్వాత మామయ్యను అడిగింది, ఆ రోజు చదివించిన కారణాలన్నీ నిజమేనా అని. నిజమేనన్నాడు. బంగారు బుద్ధుడు నిజమేనా? నిజమే. బ్రహ్మదేవుడు? ఆయనా నిజమే. లేదంటే తను కొట్టించిన టైపు అబద్ధమవుతుంది కదా.

"గిన్ని మంచియి ఉన్న కాడికి నన్నెందుకు పోవద్దంటున్రు మరి?"

 దానికి కారణాలు నన్నడిగితే ఒక్కటి కూడా రాసివ్వలేకపోయేదాన్ని. మామయ్య బెండకాయలు ముదిరినట్టున్నాయని చెప్పి దుకాణానికి వెళ్ళిపోయాడు. ఆ ఉత్తరం సంతకం లేకుండానే ఇప్పటికీ నా పాత డైరీలో ఉంది. ఈసారి అత్తమ్మ స్టూడియోకి వెళ్ళి ఫొటో దిగింది. పాస్‌పోర్టు పదకొండు వారాల రెండు రోజులకు వచ్చింది.

అసలు గోల తర్వాత మొదలైంది. యాత్రకు వెళ్ళే డీలర్లు మొత్తం ఏడుగురు. సూర్యాపేట నుంచి నలుగురు, కోదాడ నుంచి ఇద్దరు, మిర్యాలగూడ నుంచి అత్తమ్మ. మిగిలిన ఆరుగురూ మగవాళ్ళే. వాళ్ళకు పెద్దదిక్కు సూర్యాపేట సేటు. మామయ్యకు చిన్ననాటి స్నేహితుడు, అత్తమ్మను వదినె అని పిలిచేవాడు. వార్త తెలిసిన మర్నాడే జీపులో వచ్చి మామయ్యతో లోగొంతుకతో గంటసేపు మాట్లాడాడు. ఆడమనిషి వెంట వస్తే యాత్ర యాత్రలా ఉండదనీ, ప్రతి గుడి దగ్గరా ఆగాల్సి వస్తుందనీ ఆయన బాధ. ఈలోగా దుకాణం ఫోనుకు కొత్త పని పడింది. ఆ ఆరుగురి భార్యలూ ఒకరి తర్వాత ఒకరు అత్తమ్మకు ఫోన్లు చేశారు. మా ఆయనను జర చూసుకో అక్కా అని అందరిదీ ఒకటే మాట. (మే ఒకటి నుంచి పది దాకా తొమ్మిది ఫోన్లు. సూర్యాపేట సేటు భార్య నాలుగుసార్లు చేసింది.)

వారం తిరక్కుండా సేటు తోటి డీలర్లను ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది. ఆయనకు ఒక ఆలోచన తట్టింది. బ్యాంకాక్‌లో మన తిండి దొరకదు. పోయినేడు వెళ్ళొచ్చిన వాళ్ళు అయిదు రోజులూ అరటిపళ్ళ మీద బతికారట. వదినె వస్తే ఆ బెంగ ఉండదు కదా.

"గదిల పొయ్యి పెట్టుకుంటె అయిపాయె. పొద్దుగాల ఇంత ఉప్మ, పగటీలి అన్నం, పప్పు. వదినె చేతి తిండి తింటె ఇగ మనకు ఇల్లే యాదికి రాదు," అని గుమ్మంలోనే ప్రకటించాడు.

అందరూ ఒప్పుకున్నారు. యాత్ర మళ్ళీ యాత్రలా అయింది. సేటు అక్కడే నిలబడి జాబితా చెప్పాడు. బియ్యం ఆరు కిలోలు, కుక్కరు, కరెంటు పొయ్యి, పచ్చళ్ళు, పొడులు. ఇవన్నీ అత్తమ్మ పెట్టెలోనే, ఎందుకంటే వండేది ఆమె కదా. మిర్యాలగూడ బియ్యం మోసుకుని బ్యాంకాక్ పోవడం గురించి నేనొక మాట అనబోయాను. నా కారణాల్లో అయిదోది అదే కదా, బియ్యం దేశదేశాలకు పంపే ఊరని. ఎవరూ వినలేదు. అత్తమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది.

ఆ సాయంత్రం డాబా మీద ఆరేసిన మిరపకాయలు ఎత్తుతుంటే నేను ఆమెను మెచ్చుకున్నాను. అంత పెద్ద బుద్ధుణ్ణి చూడబోతున్నారు అత్తమ్మా, అదృష్టం అన్నాను. ఆమె మిరపకాయల మీంచి చూపు తిప్పలేదు.

"బుద్ధుడు ఏడికి పోతడు బిడ్డా, పండుకొనే ఉన్నడాయె. ఆ బొమ్మల పుస్తకంల ఒకామె కుర్సీల కూసున్నది, సూసినవా? ఇంకొకామె పక్కన నిలవడి, ఏం గావాలని అడుగుతున్నది. నన్ను గట్ల అడిగినోళ్ళు లేరు. అయిదు రోజులు పొయ్యి మొకం సూడకుండ కూసుందమని పెట్టుకున్న. ఇగ పొయ్యే నా పెట్టెల ఎక్కుతున్నది."

అలా అని నవ్వింది కూడా. బాధగా చెప్పి ఉంటే నేను మర్చిపోయేదాన్నేమో. ఆ రాత్రి డైరీ తీసి లెక్క వేశాను. పెళ్ళై వచ్చింది పదిహేడో ఏట, అప్పుడు నలభై అయిదు. ఇరవై ఎనిమిదేళ్ళు, లీపు రోజులు ఏడు కలిపి, రోజుకు రెండు పూటల చొప్పున ఇరవై వేల నాలుగు వందల యాభై నాలుగు వంటలు. మూడు కాన్పులకు పుట్టింట్లో ఉన్న నూట ఇరవై రోజులు తీసేస్తే ఇరవై వేల రెండు వందల పద్నాలుగు. (పెళ్ళిళ్ళకూ తీర్థాలకూ పోయిన రోజులు తీసేయలేదు. అక్కడ కూడా పొయ్యి దగ్గర ఆమే ఉండేది.) అందులోంచి పది పూటలు అడుగుతోంది. పదకొండు కారణాలు రాసిన నాకు ఈ ఒక్కటి తట్టనందుకు సిగ్గేసింది. అంతకు మించి ఏం చేయాలో తెలియలేదు. సేటుకు ఎదురుచెప్పే వయసు కాదు నాది. మామయ్య చెప్పగలడు కానీ చెప్పడు. పెళ్ళాం వండనంటోందని స్నేహితులతో అనగలిగిన మగవాడు అప్పటికి మా ఊళ్ళో పుట్టలేదు.

మే పదిహేను, శనివారం, సాయంత్రం నాలుగున్నర. సేటు జీపు దుకాణం ముందు ఆగింది. అక్కడి నుంచి కోదాడ, కోదాడలో మిగిలిన వాళ్ళను ఎక్కించుకుని విజయవాడ, రైల్లో మద్రాసు, అక్కడ విమానం. విమానంలో మనిషికి ఇరవై కిలోలే ఒప్పుకుంటారని కంపెనీ కాగితంలో ఉంది కాబట్టి పెట్టె తూచమన్నాడు మామయ్య. తనే పెట్టెను ఎత్తి విత్తనాలు తూచే కాంటా మీద పెట్టాడు. నేను వంగి గుండు జరిపాను. కాంటా దండె సరిగ్గా పందొమ్మిది దగ్గర నిలబడింది. పెట్టె రెండున్నర, బియ్యం ఆరు, కుక్కరు రెండున్నర, పొయ్యి ఒకటిన్నర, పచ్చళ్ళు పొడులు మూడు, అత్తమ్మ చీరలూ తక్కినవీ మూడున్నర. నా లెక్కకూ కాంటాకూ వెంట్రుకవాసి తేడా లేదు. అత్తమ్మ కొత్త చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నావైపు చూడటం లేదు, రోడ్డు వైపు చూస్తోంది. ఎంతయిందని సేటు అడిగాడు.

"ఇరవై తొమ్మిది," అన్నాను.

నా నోటినుంచి తప్పు తూకం రావడం అదే మొదలు.  గుండును గబగబా వెనక్కి జరిపేశాను. సేటు అంత ఉండదే అని గొణిగాడు. తొమ్మిది కిలోలు ఎక్కువైతే విమానం వాళ్ళు పెట్టెనే దింపేస్తారని చెప్పాను. (ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఒక అబద్ధం వెంట రెండోది ఎంత తేలిగ్గా వస్తుందో అప్పుడే తెలిసింది.) మామయ్య నా ముఖం చూశాడు, ఒక క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత వంగి పెట్టె తెరిచి బియ్యం సంచీ తీశాడు. కుక్కరు తీశాడు. పొయ్యి కూడా తీశాడు. పచ్చళ్ళు మాత్రం ఉంచాడు.

"గట్లెట్ల? మేం ఏం తినాలె?" అన్నాడు సేటు.

"ఏం జేస్తం. తూకం తూకమే గద," అన్నాడు మామయ్య.

మళ్ళీ తూచి పందొమ్మిదని చెప్పాను. నిజానికి తొమ్మిది. జీపు కదిలేటప్పుడు అత్తమ్మ వెనక్కి తిరిగి చూసింది కానీ, నన్నో, నేల మీదున్న కుక్కరునో తెలియలేదు.

ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో వండింది నేను. పదహారు పూటలు. చెయ్యి నాలుగుసార్లు కాల్చుకున్నాను, పప్పు రెండుసార్లు మాడ్చాను. మామయ్య అదే తిన్నాడు. ఆరో రోజు తన కంచం తనే తీసుకెళ్ళి కడుక్కున్నాడు. నేను వంట గురించి అలిగాడేమోనని భయపడ్డాను.

ఇరవై మూడు, ఆదివారం ఉదయం అత్తమ్మ వచ్చింది. చెవుల్లో ప్రయాణపు దూది ఇంకా అలాగే ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చి బ్యాంకాక్ ఎట్లా ఉందని అడిగారు. బుద్ధుణ్ణి చూశానంది, పడవ ఎక్కానంది. అక్కడ గిన్నెలు కడిగేవాళ్ళెవరో అయిదు రోజుల్లో ఒక్కసారి కూడా కళ్ళబడలేదని, అదే తనకు వింతగా తోచిందని చెప్పింది. పొద్దున్నే హోటల్లో అందరికంటే ముందు కూర్చునేదట, అందరికంటే వెనక లేచేదట. ఏం కావాలని ఒక అమ్మాయి రోజూ అడిగేదట. ఆ భాష రాకపోయినా ఆ ప్రశ్న మాత్రం అర్థమయ్యేదట. మొదటి రెండు రోజులూ ఏది కావాలో తెలియక రొట్టె ముక్కలే చూపించిందట. మూడో రోజు నుంచి లేని వాటిని కూడా అడిగిందట.

మర్నాడు సోమవారం సేటు దుకాణానికి వచ్చాడు. మూడు కిలోలు తగ్గి ఉంటాడు (నేను కంటి చూపుతో చెబుతున్నాను, తూచలేదు). అప్పుడు దుకాణంలో వేములపల్లి రైతులు అయిదుగురు వరి విత్తనాలకు నిలబడి ఉన్నారు. సేటు వాళ్ళు వినేట్టే చెప్పాడు. మద్రాసులో విమానం వాళ్ళ కాంటా మీద వదినె పెట్టె తొమ్మిది కిలోలే తూగిందని, మిర్యాలగూడలో పందొమ్మిదని తూచిన పెట్టె అదేనని.

"మీ కాంటా పది కిలోల అబద్ధమాడుతున్నది. జర సూపిచ్చుకోండ్రి."

విత్తనాల దుకాణంలో ఆ మాట అనడమంటే గుడిలో దేవుణ్ణి అనుమానించడం లాంటిది. రైతులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకతను అప్పటికే తూయించుకున్న సంచీని కింద పెట్టేశాడు.  ముప్పై ఏళ్ళ దుకాణం పేరు నా ఒక్క అంకెతో పోతోందని తెలుస్తూనే ఉంది. ఒప్పేసుకుందామని నోరు తెరిచాను. మామయ్య నాకంటే ముందు మాట్లాడాడు. ఆ రోజు పక్కనున్న యూరియా బస్తా ఒకటి కాంటా బల్ల మీదికి ఒరిగి ఉందని, పిల్ల కూడా చూసుకోలేదని, తప్పు తనదేనని చాలా నెమ్మదిగా చెప్పాడు. యాభై కిలోల రాయి తెప్పించి అందరి ముందూ తూచి చూపించాడు. కాంటా యాభై చూపించింది. రైతు తన సంచీ మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. దేవుడే మామయ్యకు లేని బస్తాను చూపించి నన్ను కాపాడాడని నేను నిజంగా నమ్మాను. అంత నమ్మిన మనిషిని, బదులుగా ఏదో ఒకటి చేయకపోతే ఎలా? ప్రతి ఏడూ మే పదిహేనున ఒక పూట ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాను. ఇంట్లో తలనొప్పి అని చెప్పేదాన్ని.

మూడేళ్ళు అలా ఉన్నాను. మూడో ఏడు జులైలో నాకు సూర్యాపేటలో సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు పొద్దున్న మామయ్య ఒక్కడే దుకాణంలో ఉంటే, గుండె దిటవు చేసుకుని చెప్పేశాను. ఆ రోజు కాంటా మీద పందొమ్మిదే చూశానని, ఇరవై తొమ్మిదని చెప్పానని, బస్తా ఏదీ ఒరగలేదని, అందుకే ఉపవాసాలని. మామయ్య సరుకు పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"పెట్టె కాంటా మీద పెట్టింది నేనే గదనే కోడలా. ముప్పై ఏండ్ల సంది బస్తాలెత్తుతున్న. చేతికి తెల్వదా?"

మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"మీ అత్తను వండనియ్యనని నేనంటె ఆ సేటు జన్మంత నవ్వుతడు. కాంటా వద్దన్నదనుకో, ఎవడు నవ్వుతడు?" అన్నాడు. ఆగి, లోపలికి వినపడకుండా మరో మాట అన్నాడు. "నీ నోట్ల నుంచి ఒక తప్పు లెక్క వస్తదని నేను అనుకోలే. వచ్చినందుకు ఆ దినమే నీకు మిఠాయి పెడుదమనుకున్న. నువ్వేమో ఉపాసముంటివి."

నేను బస్సెక్కి సూర్యాపేట చేరేదాకా లెక్క వేస్తూనే ఉన్నాను. ఒక తప్పు అంకెకు మూడు పూటల అన్నం, ఆ మూడు పూటలూ అత్తమ్మ చేతి వంట. వండనవసరం లేకుండా ఆమెను పంపించిన నేనే ఆమె వండినదాన్ని వదులుకుని తలనొప్పి అని పడుకున్నాను. ఆమె ఆ మూడుసార్లూ నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, ఏం గావాల బిడ్డా అని అడిగింది. ఏమీ వద్దని గోడవైపు తిరిగాను. అంత తెలివైన పిల్ల ఒకప్పుడు నాలో ఉండేదని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. గుత్తివంకాయ కూర కావాలి అత్తమ్మా అని చెప్పి ఉండాల్సింది.